గింజ ఎప్పుడు పడాలి

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పాత సామాన్లు పడేసే గదిలోంచి ఒక యువకుడు గుండ్రటి చెక్క బిళ్ళ ఒకటి తెచ్చుకున్నాడు. 1930 ప్రాంతపు మాట. ఎలుకలకు ఒక్కొక్కటిగా మేత గుళికలు జారవిడిచే యంత్రం చేసుకోవాలని ఆయన ఉద్దేశం. బిళ్ళ మధ్యలో ఇరుసు ఒకటి పొడుచుకొచ్చి ఉంది. దానితో పనిలేదు, కోసెయ్యొచ్చు. ఎవరు కోస్తారులే అని వదిలేశాడు. కొన్నాళ్ళకు ఆ ఇరుసుకు దారం చుట్టి చూద్దామని తోచింది. ఎలుకకు మేత పడ్డప్పుడల్లా బిళ్ళ కాస్త తిరుగుతుంది, దారం కాస్త వదులవుతుంది, దారానికి కట్టిన ముల్లు కాగితం మీద గీతను కాస్త జరుపుతుంది. అంతవరకూ ఆయన కాగితాల మీద పడుతున్నవి విడివిడి గాట్లు. ఇప్పుడు వాటి చోట ఒక వంపు వచ్చింది.

ఆ యువకుడు బి. ఎఫ్. స్కిన్నర్. మన దగ్గర టెట్‌కో డీఎస్సీకో చదివినవాళ్ళకు ఆయన పేరు కంఠతా వచ్చు. కార్యసాధక నిబంధనం, స్కిన్నర్, ఎలుక, పావురం, పునర్బలనం. ఏ, బి, సి, డిల్లో ఒకటి గుర్తు పెడితే మార్కు. గైడు పుస్తకాల్లో ఎక్కడా కనిపించనిది ఆయన చేతిపని. నాకు మాత్రం సిద్ధాంతం కన్నా ఆ చేతిపనే ముచ్చటేస్తుంది. ఆ సిద్ధాంతంలో నిలబడిన భాగమంతా ఆ పనితనంలోంచి వచ్చిందేనని నా అభిప్రాయం.

దారం, ముల్లు పోయి తర్వాత్తర్వాత మంచి పరికరమే తయారైంది. కాగితపు చుట్ట ఒకే వేగంతో కదులుతూ ఉంటుంది. ఎలుక ఉండే పెట్టెలో మేత తెప్పించే మీట ఒకటి ఉంటుంది. ఎలుక దాన్ని నొక్కినప్పుడల్లా కలం ఒక్క మెట్టు పైకి జరుగుతుంది, కాగితం పై అంచుకు చేరి మళ్ళీ మొదటికి వచ్చేటప్పుడు తప్ప కిందికి దిగదు. చకచకా నొక్కితే గీత నిటారుగా లేస్తుంది. నింపాదిగా నొక్కితే ఏటవాలుగా సాగుతుంది. మానేస్తే అడ్డంగా పడుకుంటుంది. మేత పడిన చోట పక్కకు చిన్న గాటు. అంతే. ఆ కాగితం చూస్తే ఎలుక ఏ నిమిషంలో ఏ ఊపులో ఉందో చెప్పెయ్యొచ్చు. దాని మనసులో ఏముందని ఎవర్నీ అడగక్కర్లేదు.

ఈ పరికరం విలువ తెలియాలంటే అంతకుముందు పని ఎలా జరిగేదో చూడాలి. థార్న్‌డైక్ 1898లో పిల్లులను పెట్టెల్లో పెట్టాడు. పిల్లి తాడు లాగో గడియ తట్టో బయటపడితే బయట చేప ముక్క ఉండేది. మళ్ళీ మళ్ళీ పెట్టేకొద్దీ బయటపడే సమయం తగ్గుతూ వచ్చింది. మంచి ఫలితమిచ్చిన చేష్ట నిలుస్తుంది, ఇవ్వనిది రాలిపోతుంది అని ఆయన తేల్చాడు. గొప్ప మాటే. కానీ ప్రతిసారీ పిల్లిని పట్టుకుని పెట్టెలో కూచోబెట్టాల్సింది మనిషి. ప్రయోగం ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించేదీ మనిషే. స్కిన్నర్ పెట్టెలో మనిషి చెయ్యి లేదు. మీట అక్కడే ఉంటుంది, ఎలుక అక్కడే ఉంటుంది, ఎప్పుడు నొక్కాలన్నది దాని ఇష్టం. అందుకే ఎంత సేపట్లో చేసిందన్న లెక్క పోయి, ఎంత తరచుగా చేస్తోందన్న లెక్క వచ్చింది.

ఇక గుళికల సంగతి. బజారులో దొరికేవి కావు. మందుల షాపు వాళ్ళు మాత్రలు చేసే యంత్రం పెట్టుకుని ఆయనే చేసుకునేవాడు. ఎనిమిది ఎలుకలు, ఒక్కోటి రోజుకు వంద గుళికలు. చేసినవి చేసినట్టే అయిపోయేవి. ఒక శనివారం మధ్యాహ్నం నిల్వ చూసుకుంటే సోమవారం ఉదయం పదిన్నరకల్లా ఖాళీ అని లెక్క తేలింది. సాయంత్రమంతా ఆ యంత్రం దగ్గర కూచోవడానికి బద్ధకించి, అసలు ప్రతి నొక్కుకూ గుళిక ఎందుకివ్వాలి, నిమిషానికి ఒకటిస్తే సరిపోదా అనుకున్నాడు. ఎలుకలు మానెయ్యలేదు. ఒకే ఊపులో, నిలకడగా, గంటల తరబడి నొక్కుతూ పోయాయి. అంతకుముందే ఇంకో ముచ్చట జరిగింది. మేత గొట్టంలో గుళిక ఇరుక్కుపోయి ఎంత నొక్కినా ఏమీ రాలేదు. ఎలుక మొదట జోరుగా నొక్కి, తర్వాత తగ్గిస్తూ తగ్గిస్తూ మానేసింది. కాగితం మీద ఒక అందమైన వంపు మిగిలింది. ప్రతిఫలం ఆగితే నేర్చిన చేష్ట ఎలా సద్దుమణుగుతుందో చూపిస్తూ ఆయనకు దొరికిన మొదటి బొమ్మ అదే. మన పుస్తకాలు దాన్నే విరమణ అంటాయి. ఈ రెండు ముచ్చట్లూ స్కిన్నరే 1956లో ఒక వ్యాసంలో సరదాగా రాసుకున్నాడు. యంత్రం చెడితే తిట్టుకుని బాగుచేసుకునేవాళ్ళే ఎక్కువ. చెడినప్పుడు కాగితం మీద ఏం పడిందో చూసేవాడు అరుదు.

ఆ శనివారం బద్ధకం నుంచే ఈ శాస్త్రంలోని అసలు సారం బయటపడింది. ప్రతిఫలం ఎంత పెద్దది, ఎంత తీపి అన్నది కొంతవరకే. అది ఏ వరసలో, ఎప్పుడెప్పుడు వస్తుందన్న దాన్ని బట్టే ప్రవర్తన రూపు కడుతుంది.

శ్రీకాకుళం జిల్లా భావనపాడు దగ్గర ఉప్పుటేటి గట్టున విసురు వల నేర్చుకుంటున్న కుర్రాణ్ణి కాసేపు చూస్తే ఇది కళ్ళకు కడుతుంది. వల కొన తాడు మణికట్టుకు బిగించుకుంటాడు. కొంత వల మోచేతి మీద వేసుకుంటాడు, మిగతాది పిడికిట్లో మడత పెడతాడు. అంచు పొడుగునా సీసపు గుళ్ళు. నడుము తిప్పి విసిరితే ఆ గుళ్ళ బరువుకు వల గాలిలో విచ్చుకుని గుండ్రంగా నీళ్ళ మీద పడాలి. మొదట్లో విచ్చుకోదు. ముద్దకట్టి దభీమని పడుతుంది. గట్టు మీంచి పెద్దాయన ఎవరో "భుజం కాదురా బాబూ, నడుం తిప్పు" అంటాడు. ఆ మాట సాయపడుతుంది గానీ కుర్రాడికి అసలు పాఠం చెప్పేది వలే. విసిరిన ప్రతిసారీ, రెప్పపాటులో, విచ్చుకుందో లేదో అదే చూపిస్తుంది. సగం విచ్చుకుంటే సగం మెచ్చుకున్నట్టు. మధ్యలో ఎవరూ మార్కులు వెయ్యక్కర్లేదు.

చేప సంగతి వేరు. వల ఎంత గుండ్రంగా పడినా చేప పడాలని లేదు. నాలుగు విసుర్లకు ఒకసారి పడొచ్చు, ఇరవైకి ఒకసారి పడొచ్చు. ఎన్నోదానికి పడుతుందో తెలియదు, విసరకపోతే మాత్రం పడదు. అంటే ఒకే విసురుకు రెండు రకాల ప్రతిఫలాలు ఉన్నాయి. వల విచ్చుకోవడం ప్రతిసారీ, తక్షణం తేలిపోయేది. దానివల్ల పనితనం వస్తుంది. చేప అప్పుడప్పుడు, లెక్కకందకుండా వచ్చేది. దానివల్ల పని ఆగకుండా సాగుతుంది. కొత్త పని నేర్పేటప్పుడు ప్రతి ప్రయత్నానికీ ఫలితం చూపించు, నేర్చాక పలచన చెయ్యి అని మనస్తత్వశాస్త్ర పుస్తకాలు చెప్పే సూత్రం ఇదే. విసురు వల తయారీలోనే ఆ రెండూ ఇమిడి ఉన్నాయి. దాన్ని మొదట అల్లినవాడెవడో గానీ, వాడికి నా నమస్కారం.

సూచన అనే అంశం కూడా ఇక్కడే దొరుకుతుంది. అనుభవమున్నవాడు కనిపించిన నీళ్ళలోనల్లా వల వెయ్యడు. నీటి మీద చిన్న కదలిక, రంగులో తేడా, పైన వాలి లేచే పిట్టలు చూసి వేస్తాడు. ఆ గుర్తులున్నప్పుడు వేసిన వలకు చేప పడింది, లేనప్పుడు వేసినదానికి పడలేదు. అలా గుర్తులకు బలం వచ్చింది. తెప్పలు ఒడ్డుకొచ్చే వేళకు గెద్దలూ కాకులూ కుక్కలూ చేరడం కూడా ఈ లెక్కే.

స్కిన్నర్, చార్ల్స్ ఫెర్‌స్టర్ కలిసి ప్రతిఫలం వచ్చే ఈ వరసలన్నిటినీ పావురాల మీద ఓపిగ్గా పరీక్షించి 1957లో ఒక లావుపాటి పుస్తకం వేశారు. దాదాపు 70,000 గంటల రికార్డులు, సుమారు 25 కోట్ల ముక్కుపోట్లు. అందులో బొమ్మలే బొమ్మలు. టెట్ పుస్తకాల్లో నాలుగు పేర్లుగా మిగిలిపోయినవి అక్కడ నాలుగు ఆకారాలు. ఇన్ని పోట్లకు ఒక గింజ అని ఖాయంగా పెడితే స్థిర నిష్పత్తి: గింజ తిన్నాక కాసేపు ఆగి, మళ్ళీ ఒక్క ఊపున సాగే మెట్ల గీత. ఎన్నోదానికో తెలియకుండా పెడితే చర నిష్పత్తి: ఆగని, నిటారు గీత. ఇంత సమయం గడిచాక వేసిన మొదటి పోటుకు గింజ అంటే స్థిర కాలవ్యవధి: గింజ తిన్నాక నెమ్మది, వేళ దగ్గరపడేకొద్దీ తొందర. నౌపడ జంక్షన్‌లో బస్సు కోసం ఎదురుచూసేవాళ్ళ మెడలు రోడ్డు వైపు తిరిగే తీరు గీస్తే ఇదే వంపు వస్తుంది. చివరిది చర కాలవ్యవధి, అది నిదానంగా, ఎగుడుదిగుడు లేకుండా సాగేది.

ఆ నిటారు గీత గురించి ఇంకో మాట. చర నిష్పత్తిలో అలవాటుపడిన పావురం గింజలు ఆపేసినా ఓ పట్టాన మానదు. వల వేసేవాడికి ఈ గుణం అన్నం పెడుతుంది. ఫోనులో రమ్మీ ఆడేవాడికి అదే గుణం కొంప ముంచుతుంది. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆన్‌లైన్ రమ్మీ వంటి ఆటలను నిషేధించింది. ఆ ఆటలు తయారుచేసేవాళ్ళు స్కిన్నర్ బొమ్మలు చూశారో లేదో గానీ, ఆ గీత వాళ్ళకు బాగా తెలుసు.

భావనపాడు నుంచి కాస్త లోపలికి, పలాస వెళ్తే జీడిపప్పు. పెంకు కొట్టడం, పొట్టు వలవడం, గ్రేడు చెయ్యడం చేతులతో చేసేచోట కూలి ఎక్కువగా తూకం లెక్కన ఉంటుంది. స్థిర నిష్పత్తికి ఇది ఉదాహరణ అని చెప్పి ముందుకు పోవడం తేలిక. నేను అంత తొందరపడను. పొట్టు వలిచే మనిషి పావురం కాదు. ఇంట్లో పిల్లల ఫీజు, రేపటి సరుకు, పక్కామె వేగం అన్నీ లెక్కేసుకునే పని చేస్తుంది. కానీ ఒక్క విషయంలో స్కిన్నర్ లెక్క ఇక్కడ అచ్చంగా పనిచేస్తుంది: దేనికి ప్రతిఫలం కడితే అదే పెరుగుతుంది. ఉత్త తూకానికే డబ్బిస్తే చెయ్యి పరుగెడుతుంది, పప్పు విరుగుతుంది. విరగని గుండుకు విలువ కడితే చెయ్యి నెమ్మదిస్తుంది. బజారులో గుండుకు ఒక ధర, బద్దకు ఒక ధర, ముక్కకు ఇంకొకటి. పౌండుకు 300 నుంచి 320 గుళ్ళు తూగే డబ్ల్యూ-320 రకంలో ముక్కలు కలిస్తే కొనేవాడు ఊరుకోడు. కాబట్టి గుండు మీద లెక్క కట్టాల్సిందే.

ఇంకొకటి ఉంది అక్కడ. జీడిపెంకులోని నూనె తగిలితే చర్మం కాలి పొక్కుతుంది. ఆ పని చేసేవాళ్ళు చేతులకు నూనో బూడిదో రాసుకుంటారు. రాసుకుంటే మంట తప్పుతుంది, అందుకే రాసుకోవడం అలవాటవుతుంది. టెట్ రాసేవాళ్ళు ఎక్కువగా తప్పు చేసే ప్రశ్న ఇదే. ఇక్కడ ఏమీ ఇవ్వలేదు, బాధ ఒకటి తొలగింది, అయినా చేష్ట బలపడింది. దీన్ని రుణ పునర్బలనం అంటారు. చాలామంది శిక్ష అని గుర్తు పెడతారు. శిక్ష చేష్టను తగ్గిస్తుంది, ఇది పెంచుతుంది.

పెట్టెలోంచి మనిషి చేతిని తీసేసిన స్కిన్నర్‌కు ఆ చేతి విలువ ఏమిటో తెలిసింది 1943లో. యుద్ధకాలం. మిన్నియాపొలిస్‌లో ఒక పిండిమిల్లు పై అంతస్తులో, బాంబులను గురికి నడిపించేలా పావురాలకు తర్ఫీదు ఇచ్చే పని. ఒకరోజు సరదాకు, చెక్క బంతిని ముక్కుతో తోసి బొమ్మలను పడగొట్టడం పావురానికి నేర్పుదామనుకున్నారు. బంతిని తోస్తే గింజ వెయ్యాలని స్విచ్చి చేతిలో పెట్టుకుని కూచున్నారు. పావురం తోస్తేనా! ఎంతసేపటికీ ఏమీ లేదు. విసిగి, బంతి వైపు చూసినా చాలు గింజ వేద్దామనుకున్నారు. చూసింది, వేశారు. తర్వాత దగ్గరకు వెళ్తేనే. ఆ తర్వాత ముక్కు తగిలిస్తేనే. కొద్ది నిమిషాల్లో బంతి గోడలకు తగిలి ఎగిరిపడుతోంది. రాని చేష్ట కోసం ఎదురుచూస్తూ కూచోకుండా, ఉన్న చేష్టలో కొంచెం అటు మొగ్గినదాన్ని పట్టుకుని అంచెలంచెలుగా పైకి తేవడం. ఇందులో మెళకువంతా తరవాతి అంచె ఎప్పుడు ఎక్కించాలన్న దాంట్లో ఉంది. తొందరపడితే పావురం మొత్తం మానేస్తుంది. ఆలస్యం చేస్తే ఉన్నచోటే స్థిరపడిపోతుంది.

ఈ మెళకువకు తెలుగునేల మీద తయారైన మంచి నమూనా ఒకటుంది. దాన్ని గురించి రాసినవాళ్ళు తక్కువ. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది. ఇప్పుడు దాని పేరు మారింది. అక్కడ రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ 1992లో బేసిక్-ఎంఆర్ అనే కొలమానం, దానితోపాటు టీచర్ల కోసం ఒక మాన్యువల్ తయారుచేశారు. బుద్ధి వికాసం తక్కువగా ఉన్న మన దేశపు పిల్లల కోసం, మన బడుల్లో వాడటానికి. మొదటి భాగంలో 280 అంశాలు, ఏడు విభాగాలు, ఒక్కో విభాగానికి నలభై: నడక, కదలికల నుంచి తిండి, బట్ట, మాట, చదువు, లెక్క, ఇంటిపని, డబ్బు దాకా.

నన్ను కట్టిపడేసింది మార్కులు వేసే పద్ధతి. పిల్లవాడు తనంతట తానే చేస్తే 5. చిన్న సైగో గుర్తో ఇస్తే చేస్తే 4. నోటితో చెప్పాలంటే 3. చెయ్యి పట్టి చేయించాలంటే 2. పూర్తిగా వేరొకరే చెయ్యాలంటే 1. వర్తించని అంశానికి సున్నా. మళ్ళీ ఒకసారి చదవండి. ఇది పిల్లవాడి తెలివిని కొలవడం లేదు. టీచరు చెయ్యి ఇంకా ఎంత మిగిలి ఉందో కొలుస్తోంది. అందుకే ఆ అంకె చూడగానే రేపు ఏం చెయ్యాలో తెలిసిపోతుంది. 2 ఉంటే చెయ్యి వదిలి మాట మీదికి రావాలి. 3 ఉంటే మాట తగ్గించి సైగ మీదికి రావాలి. పరీక్ష వేరు, పాఠం వేరు కాదు. మొదటి అంచనా తర్వాత మూడు నెలలకోసారి మళ్ళీ చూసి పక్క గడిలో అంకె వెయ్యాలి. ఒక సంవత్సరం గడులు పక్కపక్కన చూస్తే, స్కిన్నర్ కాగితం మీది గీత లాంటిదే ఇక్కడా కనిపిస్తుంది. కరెంటు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు, పెన్సిలు చాలు. తెలివి అంకె ఇంత అని చెప్పే పరీక్షలు చూసి చూసి ఉన్నవాణ్ణి. వాటి పక్కన ఇది ఎంత మర్యాదైన పరికరమో!

చొక్కా బొత్తాం పెట్టుకోవడమే తీసుకోండి. చేతనైనవాళ్ళకు అది ఒక్క పని. విడదీస్తే అరడజను: బొత్తాం పట్టడం, ఇటు కాజా అంచు పట్టడం, రెంటినీ దగ్గరకు తేవడం, బొత్తాం అంచును కాజాలోకి దూర్చడం, అవతల కొన అందుకోవడం, లాగడం. ఈ పద్ధతి తెలిసిన టీచరు చివరినుంచి మొదలుపెడుతుంది. ముందరి అయిదూ తనే చేసిపెట్టి, చివరి లాగుడు మాత్రం పిల్లవాడికి వదులుతుంది. వాడు లాగగానే బొత్తాం పడుతుంది, పని పూర్తవుతుంది, శభాష్ అంటుంది, ఇష్టమైన చిరుతిండి ముక్క పెడుతుంది. మర్నాడో వారానికో చివరి రెండూ వాడికి. అలా వెనక్కి. మొదటినుంచి నేర్పితే పిల్లవాడు అయిదు మెట్లు ఎక్కినా చొక్కా తెరుచుకునే ఉంటుంది. చివరినుంచి నేర్పితే ప్రతిసారీ పని పూర్తి చేసేది వాడే. కొన్నాళ్ళకు చిరుతిండి మానేస్తారు, శభాష్ తగ్గిస్తారు. పడిన బొత్తామే చాలు. వల విచ్చుకోవడంతోనే నేర్చుకున్న కుర్రాడి వరసకు వీడూ వస్తాడు.

ఈ శాస్త్రానికి హద్దులున్నాయి. వాటిని పట్టినవాళ్ళలో స్కిన్నర్ శిష్యులే ఉన్నారు. పిండిమిల్లులో ఆయనతో పనిచేసిన కెల్లర్ బ్రెలాండ్, ఆయన భార్య మారియన్ తర్వాత జంతువులకు తర్ఫీదు ఇవ్వడమే వృత్తిగా పెట్టుకున్నారు. రకూన్ అనే జంతువుకు నాణేలు డబ్బాలో వెయ్యడం నేర్పబోతే, రెండో నాణెం వచ్చేసరికి అది వాటిని ఒకదానితో ఒకటి రుద్దుతూ కూచునేదట, డబ్బాలో వేసేది కాదట, తిండి పోయినా సరే. దాని జాతికి తిండిని చేతుల్లో రుద్దడం పుట్టుకతో వచ్చిన బుద్ధి. 1961లో వాళ్ళు ఈ సంగతి అచ్చువేశారు. గురువును వెక్కిరించే వ్యాసం కాదది. కాగితం మీద పడినదాన్ని పడినట్టు చెప్పడమే, అది ఆయన దగ్గర నేర్చిందే.

మళ్ళీ ఆ కొలమానం దగ్గరకొస్తే, బేసిక్-ఎంఆర్ రెండో భాగంలో 75 అంశాలున్నాయి. ఇవి తగ్గించాల్సినవి: కొట్టడం, మొండికెయ్యడం, తనను తాను గాయపరుచుకోవడం వగైరా. ఎన్నడూ లేకపోతే 0, అప్పుడప్పుడైతే 1, తరచూ అయితే 2. ఇక్కడే ఇంటివాళ్ళకు కష్టం. దుకాణం ముందు దొర్లి ఏడ్చే పిల్లవాడికి ఆరుసార్లు కాదని, ఏడోసారి పరువుకు భయపడి బిస్కెట్ ప్యాకెట్ కొనిపెడతాం. మనకు తెలియకుండానే వాణ్ణి చర నిష్పత్తిలో పెట్టాం. ఎప్పుడూ కొనిపెట్టిన ఇంట్లో ఏడుపు మాన్పించడం కన్నా, అప్పుడప్పుడు కొనిపెట్టిన ఇంట్లో మాన్పించడం కష్టం. పైగా కొనడం మానేసిన మొదటి రోజుల్లో ఏడుపు తగ్గకపోగా పెరుగుతుంది, గుళిక ఇరుక్కున్నప్పుడు ఎలుక మొదట జోరుగా నొక్కినట్టే. ఆ పెరిగిన రోజున లొంగిపోతే, ఇంకా గట్టిగా ఏడవడం నేర్పినట్టవుతుంది. అందుకే ఈ పని మొదలుపెట్టే ముందు ఇంట్లో అందరినీ కూచోబెట్టి చెప్పాలి. ఏడుపు మానినప్పుడు, అడగవలసిన తీరులో అడిగినప్పుడు వెంటనే పలకాలని కూడా చెప్పాలి. తాతయ్యకూ నాయనమ్మకూ ముందు చెప్పాలి. కొంగున చిల్లర ఉండేది నాయనమ్మ దగ్గరే.